చెల్లెలి పేరు పిలువబడినప్పుడు

(యౌవనుల తరగతికి ఒక పాఠము)

చదువవలసిన భాగములు: ఆదికాండము 42:35–38, 43:1–10, 44:18–34. సామెతలు 6:1–5. రోమా 5:6–8.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఆదివారము సాయంకాలమున యౌవనులకు వాక్యపాఠము చెప్పుట కొన్ని సంవత్సరములుగా నాకు అప్పగింపబడిన పని. వారములో ఆరు దినములు వర్క్‌షాపులో నూనెయు ఇనుమును. ఏడవ దినమున ఈ పిల్లలు. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము వైపునుండి పనికి వచ్చి ఇచ్చటనే నిలిచిపోయిన తెలుగు కుటుంబముల మునిమనుమలు వీరు. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో ఆంగ్లము మాటలాడుదురు. వారు చదువు కథలు నా చిన్ననాటి కథలు కావు.

ఒక ఆదివారము యూదా తన తమ్ముడైన బిన్యామీను కొరకు అడ్డుపడిన సంగతి చెప్పుచుండగా, పన్నెండవ తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి లేచి, "మాష్టారూ, ఇది హంగర్ గేమ్స్ కథ వలె ఉన్నదండి. కాట్నిస్ కూడ చెల్లెలి పేరు పిలిచినప్పుడు తాను వెళ్లినది" అనెను. నేను ఆ పుస్తకమును చదువలేదని ఒప్పుకొంటిని. అంతట ఆ అమ్మాయి తల వంచుకొని మరియొక మాట అడిగెను. "నాకు నర్సింగులో సీటు వచ్చినది. తమ్ముని కోచింగు కొరకు నన్ను మానుకొమ్మనుచున్నారు. కాట్నిస్ చేసినదియు నేను చేయవలసినదియు ఒకటేనా అండి?"

నేను వెంటనే ఉత్తరమియ్యలేకపోతిని. "పుస్తకము తెచ్చి యిమ్ము, చదివి చెప్పెదను" అంటిని. ఆ చదువు ఫలమే ఈ పాఠము.

అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ ఈ కథను 2008లో ప్రకటించెను. దాని తరువాతి రెండు భాగములు 2009లోను 2010లోను వెలువడినవి. రాబోవు కాలములో పానెమ్ అను దేశమున్నదట. కాపిటల్ అను నగరము భోగములో తేలుచుండగా, దాని క్రింద 12 జిల్లాలు ఆకలితో పనిచేయుచుండును. పూర్వము ఒక తిరుగుబాటు జరిగినందుకు శిక్షగా, ఏటేట ఒక్కొక్క జిల్లానుండి 12 మొదలు 18 సంవత్సరముల లోపు బాలుని ఒకనిని, బాలికను ఒకతెను చీటి వేసి తీయుదురు. ఆ 24 మందిని ఒక బరిలో విడిచి, ఒక్కరు మిగులువరకు చంపుకొనజేసి, దేశమంతయు చూచునట్లు ప్రసారము చేయుదురు. బొగ్గుగనుల జిల్లాలో 12 ఏండ్ల ప్రిమ్ పేరు చీటిలో వచ్చును. ఆమె అక్కయైన 16 ఏండ్ల కాట్నిస్ ముందుకు వచ్చి, దాని స్థానములో నేను వెళ్లెదనని చెప్పును.

చదువరులలో పెద్దలు కొందరు ఇట్టి పుస్తకములు పిల్లలకేల అని అడుగవచ్చును. నేనును అట్లే తలంచితిని. కాని ఒక చిన్న వివరము నన్ను ఆపివేసెను. ఆ రాజ్యములో బీదపిల్లలు తమ పేరును అదనముగా మరొకసారి చీటీలలో వ్రాయించుకొన్నయెడల, ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని ధాన్యమును నూనెయు ఇత్తురు. తండ్రి గనిలో ప్రేలుడువలన చనిపోయెను. తల్లి దుఃఖములో మునిగి పిల్లలను మరచెను. కాట్నిస్ తనకొరకును తల్లికొరకును చెల్లెలికొరకును ఏటేట పేరు వ్రాయించుకొనుచు వచ్చినందున, ఆ సంవత్సరము చీటీల పాత్రలో ఆమె పేరు 20 మారులు ఉండెను. చెల్లెలిని మాత్రము ఒక్కసారియు అదనముగా వ్రాయించుకొననియ్యలేదు. ప్రిమ్ పేరు ఉన్నది ఒక్కటే చీటి. అదియే వచ్చినది.

కనుక అందరు మెచ్చుకొను ఆ గొప్ప ఘడియ మొదటి త్యాగము కాదు. దానికి ముందు నాలుగేండ్లు ఆమె గింజలకు బదులు తన పేరును తాకట్టుపెట్టుచు వచ్చెను. వేదికమీద చేసిన త్యాగమును దేశమంతయు చూచెను. వంటయింటి త్యాగమును ఎవరును చూడలేదు. రైల్వే క్వార్టర్లలో పెరిగినవారికి ఈ రెండవ దానిని విప్పి చెప్ప నవసరములేదు.

ఇప్పుడు మన వాక్యభాగమునకు వత్తము. తెలుగు బైబిలులో ఒక పాతమాట ఉన్నది: పూటపడుట. ఒకని అప్పునకో ప్రాణమునకో నేను బాధ్యుడనని మాట యిచ్చుట పూటపడుట. అట్లు చేసినవాడు పూటకాపు. మన కాలనీలో దీనినే జామీను ఉండుట అందుము. కరవు కాలమున యాకోబు కుమారులు ధాన్యముకొరకు మరల ఐగుప్తునకు వెళ్లవలెను, బిన్యామీనును తీసికొని వెళ్లనిదే ఆ దేశాధికారి ముఖము చూడనియ్యడు, తండ్రి పంపనొల్లడు. ఇచ్చటను ఆకలియే, గింజలే, ఒక చిన్నవాని పేరే.

అప్పుడు ఇద్దరు అన్నలు పూటపడుటకు వచ్చిరి. మొదట పెద్దవాడైన రూబేను వచ్చెను. బిన్యామీనును తిరిగి తేనియెడల తన యిద్దరు కుమారులను చంపవచ్చునని తండ్రితో చెప్పెను. నేను ఈ మాటను ఎన్నిసారులు చదివినను గగుర్పాటు కలుగును. ఎవరి ప్రాణమును పణముగా పెట్టెను? తనది కాదు. ఆ యిద్దరు పిల్లలను అడిగినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. మనుమలను చంపి తాతకు ఏమి ఓదార్పు? యాకోబు అంగీకరింపలేదు. తరువాత యూదా వచ్చి, నన్నే అడుగుము, నింద నామీదనే ఉండనిమ్ము అను భావముతో పలికెను. తండ్రి చిన్నవానిని పంపెను.

ఈ భేదమును గట్టిగా పట్టుకొనుడి. ఇతరుల బ్రదుకును అర్పించుట త్యాగము కాదు. కాపిటల్ నగరము కూడ పిల్లల మరణమును దేశశాంతి కొరకైన అర్పణమని గొప్ప మాటలతో చెప్పుకొనుచుండెను. కుటుంబ క్షేమము కొరకు మరియొకరు మానుకొనవలెనని నిర్ణయించు పెద్దలు, తాము యూదా వలె మాటలాడుచున్నామని తలంచుచు, రూబేను మాట పలుకుచున్నారేమో పరీక్షించుకొనవలెను. ఇది వ్రాయుచు నా యింటి సంగతులు కొన్ని నాకే జ్ఞాపకము వచ్చినవి. వాటిని ఇచ్చట వ్రాయను.

మన జిల్లాలోనే ఈ ప్రశ్నకు ఒక పాత చోటున్నది. ఖరగ్‌పూర్ నుండి బాంకురా పోవు రైలులో గడ్‌బేతా అను స్టేషను వచ్చును. అచ్చట శిలావతి నది ఎఱ్ఱని మట్టిని కోసికోసి లోయలుగా చేసిన గన్‌గని అను ప్రదేశమున్నది. బకాసురుని భీముడు చంపినది అచ్చటనేయని ఆ ప్రాంతపు జనులు చెప్పుకొందురు. అది జనశ్రుతియే, కాని కథను మన తెలుగువారు నన్నయ భారతము ఆదిపర్వమునుండి ఎరుగుదురు. ఏకచక్రపురమువారు రాక్షసునికి వంతు చొప్పున బండెడు అన్నమును, రెండు దున్నపోతులను, ఒక మనుష్యుని పంపవలెను. ఒకనాడు వంతు ఒక బ్రాహ్మణుని యింటికి వచ్చెను. తండ్రి తాను పోయెదననును. భార్య, తాను బిడ్డలను కని యిచ్చితిని గనుక తనను పంపుమనును. కుమార్తె, ఎప్పటికైనను పరుల యింటికి ఇచ్చివేయవలసినదానను గదా, ఇప్పుడే నన్ను విడువుడనును. మాటలు సరిగా రాని చిన్న కుమారుడు గడ్డిపరక పట్టుకొని వచ్చి, దీనితో రాక్షసుని చంపెదననును. ఏడ్చువారు అంత దుఃఖములోను నవ్వుదురు.

హంగర్ గేమ్స్ చదివిన పిల్లలు ఈ కథ విని ఆశ్చర్యపడిరి. వంతు, చీటి, పన్ను. పేరు ఏదైనను సంగతి ఒకటియే. గ్రంథకర్త్రి తన కథకు మూలము గ్రీకుల పురాణములోని తీస్యూస్ కథయని చెప్పియున్నది. ఏథెన్సు పట్టణము ఏడుగురు బాలురను ఏడుగురు బాలికలను క్రేతు ద్వీపపు మృగమునకు పంపవలసివచ్చిన కథ అది. అన్ని దేశములవారును ఈ భయమును ఎరిగియున్నట్లున్నది: పెద్దల శాంతికి వెల పిల్లలు చెల్లించుట.

ఏకచక్రపురపు కుమార్తె మాటను మరల చదువుడి. ఆమె ప్రేమతోనే పలికెను, సందేహము లేదు. కాని ఎప్పటికైనను ఇచ్చివేయబడుదును గదా అనుటలో, తన ప్రాణము తక్కువ వెలగలదని చిన్ననాటినుండి విని విని నమ్మిన గొంతు వినబడుచున్నది. అట్టి నమ్మకముమీద కట్టిన త్యాగమును నేను మెచ్చుకొనలేను. ఆ కథలో కుంతి తన కుమారుని పంపుటకు పూనుకొన్నప్పుడు కూడ ధర్మరాజు ఆక్షేపించెను. నీ కుమారుని నీవెట్లు పంపుదువని తల్లిని నిలదీసెను. భీముని బలము తనకు తెలియునని ఆమె సమాధానము చెప్పవలసి వచ్చెను. ఆ వాదము జరుగుట మంచిది. కొన్ని యిండ్లలో ఆ వాదమే జరుగదు.

వెరోనికా రాత్ వ్రాసిన మరియొక కథామాలిక డైవర్జెంట్. మొదటి పుస్తకము 2011లోను చివరిది 2013లోను వచ్చినవి. అందులో నాయికయగు ట్రిస్, నిస్స్వార్థతయే ధర్మముగా పెట్టుకొన్న ఒక వర్గములో పుట్టినది. ఆమె తల్లియు తండ్రియు ఆమెను కాపాడుటలో మరణింతురు. రెండవ పుస్తకములో ఆమె శత్రువులకు తనను తాను అప్పగించుకొనును. ఇతరులు చావకుండుటకే అని చెప్పును. కాని ఆమెను ప్రేమించినవాడు దానిని ఒప్పుకొనడు. దుఃఖమును అపరాధభావమును మోయలేక నీవు బ్రదుకును పారవేయుచున్నావని గద్దించును. శత్రువు చేతిలో చావు ఎదుటికి వచ్చినప్పుడు, తాను బ్రదుకగోరుచున్నానని ఆమెకు తెలిసివచ్చును. చివరి పుస్తకములో, తన్ను మోసగించిన అన్న ఒక ప్రాణాపాయకరమైన పనికి సిద్ధపడును. వాడు ప్రేమచేత కాక నేరము మోయలేకయే వెళ్లుచున్నాడేమోయని ఆమెకు శంక. ఆఖరి క్షణమున వానికి బదులు తాను వెళ్లి మరణించును.

ఇచ్చట నేను కొంచెము నిలువవలెను. మన ఊరికి తగిలిన మాట యొకటి ఉన్నది. రైల్వేలో ఉద్యోగి సేవలో ఉండగా మరణించినయెడల అతని కుటుంబములో ఒకరికి కారుణ్య నియామకము దొరకు నిబంధన యున్నది. అది మంచి నిబంధన. ఎన్నో విధవల పొయ్యిలు దానివలన ఆరిపోకుండ నిలిచినవి. కాని పదవీవిరమణకు దగ్గరపడిన ఒకడు, కుమారునికి పని దొరకక, "నేను ఈ సంవత్సరమే పోయినయెడల వానికైనను ఒక దారి దొరకును గదా" అని టీ దుకాణమువద్ద నవ్వుచు అనగా విన్నాను. నేను నవ్వలేదు. అట్లే చదువులో తప్పిన పిల్లలు, నేను లేకున్న మావారికి భారము తగ్గునని తలంచుట కలదు. ఇది యూదా మార్గము కాదు. యూదా చచ్చెదననలేదు. ఆ చిన్నవానికి బదులు దాసుడనై ఇచ్చట నిలిచియుందునని చెప్పెను. అనగా బ్రదికి, పనిచేసి, ఋణము తీర్చెదనని. పూటకాపు బ్రదికియుండవలెను. అట్టి తలంపు మీలో ఎవరికైన కలిగినయెడల దానిని త్యాగమను పేరుతో పిలువకుడి. ఆ రాత్రియే నమ్మదగిన ఒకరికి చెప్పుడి. మీ యింటివారికి కావలసినది మీ మరణమువలన వచ్చు కాగితము కాదు, మీరు.

సొంతవారికొరకు కాక పరాయివానికొరకు ప్రాణమిచ్చిన సంగతి ఒకటి చెప్పి ముందుకు పోయెదను. 1941 జూలై మాసాంతమున ఆష్‌విట్జ్ శిబిరములో ఒక ఖైదీ కనబడకపోగా, అధికారులు పదిమందిని ఆకలిచావునకు ఏర్పరచిరి. వారిలో గయోవ్నిచెక్ అనువాడు తన భార్యను బిడ్డలను తలంచి ఏడ్చెను. మాక్సిమిలియన్ కోల్బె అను రోమను కథోలిక సన్యాసి వరుసనుండి బయటికి వచ్చి, అతనికి బదులు తాను వెళ్లెదనని అడిగెను. ఆగస్టు 14న చనిపోయెను. రక్షింపబడినవాడు 1995 వరకు బ్రదికెను. అయితే ఏ బిడ్డలకొరకు ఏడ్చెనో ఆ యిద్దరు కుమారులు, అతడు ఇల్లు చేరకమునుపే 1945లో బాంబులకు బలియైరి. కాట్నిస్ కథలోను అంతే. మూడవ పుస్తకము ముగియునప్పటికి ప్రిమ్ కూడ బాంబు ప్రేలుడులో మరణించును. త్యాగము చేసినవారికి ఫలము చేతిలో పెట్టబడునని ఆ గ్రంథకర్త్రి అబద్ధమాడలేదు. ఆ నిజాయితీకొరకే నేను ఆ పుస్తకమును పిల్లల చేతినుండి లాగుకొనలేదు.

త్యాగపు వెల, చేసినవాడొక్కడే చెల్లించడను మాట కూడ ఈ ఊరు ఎరుగును. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెను చూచిన పెద్దలు మన సంఘములలో ఇంకను కొందరున్నారు. జీతము లేక, ఉద్యోగము నిలుచునో లేదో తెలియక ఆ 20 దినములు గడచెను. నాయకుల పేర్లు పుస్తకములలో ఉన్నవి. ఆ దినములలో గంజినీళ్లు పలుచగా చేసి పిల్లలకు పోసిన తల్లుల పేర్లు ఏ పుస్తకములోను లేవు. వారు ఏ సభలోను చేయి ఎత్తి సమ్మతి తెలుపలేదు, అయినను చెల్లించిరి.

యూదా సంగతిలో మిగిలిన ఒక లోతును కూడ చూడవలెను. పూర్వము యోసేపును అమ్మివేయుదమని సలహా చెప్పినవాడు ఇతడే. 20 తులముల వెండికి ఒక తమ్ముని అమ్మినవాడు, ఇప్పుడు మరియొక తమ్మునికొరకు తన్ను తాను ఇచ్చుకొనుచున్నాడు. పైగా, తండ్రి రాహేలు కుమారులనే ఎక్కువగా ప్రేమించెనని లేయా కుమారుడైన ఇతనికి బాగుగా తెలియును. అధికారి యెదుట చేసిన మనవిలో, తన భార్య తనకు ఇద్దరినే కనెనని తండ్రి పలికిన మాటను యూదా తన నోటితోనే తిరిగి చెప్పెను. తాను ఆ లెక్కలో లేనివాడు! తండ్రి పక్షపాతమును సరియైనదని అతడు చెప్పలేదు, దానిని సరిదిద్దు వరకు ఆగనూలేదు. ఆ ముసలివాని ప్రాణము ఈ చిన్నవాని ప్రాణముతో ముడివడియున్నదని చూచి ముందుకు నడిచెను. అతనిని ఎవరును ఆజ్ఞాపింపలేదు. అందుచేతనే అది త్యాగమాయెను.

సామెతల గ్రంథము మాత్రము పూటపడకుమని హెచ్చరించుచున్నది. తొందరపడి మాట యిచ్చినవాడు వేటగాని చేతినుండి లేడి వలె తప్పించుకొనవలెనని చెప్పుచున్నది. ఇది యూదా కథకు విరోధము కాదు. లెక్క చూడక, సిగ్గుకో, పదిమంది మెప్పునకో చేవ్రాలు చేయుటను అది నిషేధించుచున్నది. పౌలు రోమా పత్రికలో ఈ లెక్కనే మరియొక ప్రక్కనుండి చూచుచున్నాడు: మంచివానికొరకు ఒకడు చచ్చుటయే అరుదు, క్రీస్తు మంచివారు కానివారికొరకు చనిపోయెను. హెబ్రీ పత్రిక ఆయనను పూటకాపు అని పిలుచుచున్నది (7:22). మన పక్షముగా పూటపడినవాడు వెల ఎంతయో ఎరిగి, బలవంతము లేకుండ వచ్చెను.

తరువాతి ఆదివారము ఈ సంగతులన్నియు తరగతిలో చెప్పితిని. ఆ అమ్మాయితో, "కాట్నిస్‌ను ఎవరును పొమ్మనలేదమ్మా. నిన్ను మానుమనిరి. రెండును ఒకటి కాదు. నీవు ప్రేమించి ఇచ్చునది నీదే, నీ చేతినుండి తీసికొనబడినదానికి ఆ పేరు పెట్టనక్కరలేదు" అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "బిన్యామీను ఏమనెను మాష్టారూ?" అని అడిగెను. నేను పుటలు త్రిప్పి చూచితిని. ఆదికాండమంతటిలో బిన్యామీను ఒక్క మాటయైనను పలికినట్లు లేదు. ఆ సంగతి నేను ఇన్ని సంవత్సరములు పాఠము చెప్పియు గమనింపలేదు.

అప్పుడు వెనుక వరుసలోనుండి ఆమె తమ్ముడు, "నన్నును ఎవ్వరు అడుగలేదు" అనెను. 15 ఏండ్లవాడు. కోచింగు తనకు వద్దనలేదు, కావలెననియు అనలేదు. ఆ ఒక్క మాట చెప్పి కూర్చుండెను. కాలనీకి దగ్గరలోనే అంత పెద్ద సాంకేతిక విద్యాసంస్థ ఉన్నందున, ఇచ్చటి తండ్రులు కుమారులకొరకు కనుకలలు ఒకే గుమ్మమువైపు నడుచును. దానికి తండ్రులను పూర్తిగా తప్పుపట్టలేము.

పిల్లలు ఇంటికి పోయి ఏమి చెప్పిరో తెలియదు. మంగళవారము రాత్రి డ్యూటీ దిగి వారి తండ్రి మా క్వార్టరుకు వచ్చెను. చాలసేపు వర్షముగూర్చియు, కొత్త ఫోర్‌మనుగూర్చియు మాటలాడెను. లేచి పోవునప్పుడు జేబులోనుండి సహకార పరపతి సంఘమువారి అప్పు ఫారము తీసెను. అమ్మాయి మొదటి సంవత్సరపు రుసుముకొరకు. ఇద్దరు సభ్యులు జామీను ఉండవలెనట, ఒకరు దొరికిరట. "అన్నా, నీవు కాదనినను నేను ఏమియు అనుకొనను" అనెను.

నేను సొమ్మెంతయో, వాయిదాలెన్నియో, నా విరమణకు ఎన్నేండ్లున్నవో కాగితముమీద లెక్క వేసికొంటిని. సామెతలు ఆరవ అధ్యాయము నాకు జ్ఞాపకము రాలేదనిన అబద్ధమగును. నా భార్య లోపలినుండి కళ్లద్దములు తెచ్చి యిచ్చెను. రెండవ పేరు వ్రాయవలసిన గడిలో నా పేరు వ్రాసితిని.